పాత ఫైటర్ విమానాల్లో తుపాకుల రీకాయిల్ (వెనక్కి తన్నడం): పైలట్‌కి ఎంత తెలుస్తుంది, గురి ఎంత చెడుతుంది?

రెక్కలగుర్రం (ప్రశ్న)

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్లకి ఫ్లైట్ సిమ్యులేటర్ మాడ్యూల్ ఒకటి తయారవుతోంది. ఇంజను, రెక్కల లెక్కలు ఒక కొలిక్కి వచ్చాయి, తుపాకుల దగ్గర బండి ఆగింది. చదివిన చోటల్లా రెండు రకాల మాటలు. ట్రిగ్గర్ నొక్కితే విమానం గాల్లో నిలబడిపోయినంత పనవుతుందని కొందరు. మూడు టన్నుల విమానానికి వేలెడంత తూటా ఒక లెక్కా అని ఇంకొందరు.

తెలిసినవాళ్ళు ఈ నాలుగూ చెప్పగలరా?

స్పిట్‌ఫైర్, హరికేన్ లాంటి వాటిలో పేల్చినప్పుడు వేగం నిజంగా ఎంత తగ్గుతుంది? లెక్క ఎలా వెయ్యాలి?

పైలట్ ఒంటికి ఏం తెలుస్తుంది? ముందుకి తూలుతాడా, ఊరికే అదురు మాత్రమేనా?

రెక్కల్లో రెండు ఫిరంగులుండి ఒకటి జామ్ అయితే ముక్కు ఎటు తిరుగుతుంది, ఎంత?

సోవియట్ యాక్-9 లో పెద్ద ఫిరంగి ఉన్న రకాలకి రెండు మూడు గుళ్ళకు మించి ఒక్కసారి పేల్చొద్దనేవారట. కారణం రీకాయిలేనా, గుళ్ళు తక్కువ ఉండటమా?

మన వైమానిక దళం వాడిన విమానాల గురించి కూడా ఏమైనా ఉంటే ఇంకా మంచిది.

---

త్రాసు

మొదటి ప్రశ్నకి ఎనిమిదో తరగతి లెక్క చాలండి. తుపాకిలోంచి బయటికి పోయే ద్రవ్యవేగం ఎంతో, విమానాన్ని వెనక్కి తన్నేదీ అంతే. అయితే గుండు ఒక్కటే పోదు, దాని వెనక మందు కాలిన వాయువు కూడా పోతుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు, అక్కడే నాలుగో వంతు దాకా తప్పుతుంది. గుండు బరువుని దాని వేగంతో హెచ్చవేసి, దానికి మందు బరువుని సుమారు 1200 మీ/సె తో హెచ్చవేసి కలపండి. ఒక్క దెబ్బకి ప్రచోదనం అదే.

స్పిట్‌ఫైర్ మార్క్ 1 తీసుకుందాం. ఎనిమిది .303 అంగుళాల బ్రౌనింగ్ మెషిన్‌గన్‌లు. గుండు 11.3 గ్రాములు, వేగం 745 మీ/సె దరిదాపు, మందు 2.4 గ్రాములు. గుండుకి 8.4, వాయువుకి 2.9, మొత్తం 11.3 న్యూటన్ సెకన్లు. ఒక్కో తుపాకి నిమిషానికి 1150 చొప్పున, ఎనిమిదీ కలిపి సెకనుకి 153 తూటాలు. సగటు బలం 1730 న్యూటన్లు. విమానం 2800 కిలోలు అనుకుంటే మందగమనం 0.62 మీ/సె². మూడు సెకన్లు ఆపకుండా పేలిస్తే తగ్గేది గంటకి 6.7 కి.మీ. మాత్రమే.

స్పిట్‌ఫైర్ 5బి లో రెండు 20 మి.మీ. హిస్పానో ఫిరంగులు, నాలుగు బ్రౌనింగ్‌లు. హిస్పానో గుండు 130 గ్రాములు, 870 మీ/సె, మందు 30 గ్రాముల చిల్లర. ఒక్క దెబ్బకి 150 న్యూటన్ సెకన్లు. సెకనుకి పది గుళ్ళు, అంటే ఒక్కో ఫిరంగికి 1500 న్యూటన్లు. బ్రౌనింగ్‌లు కూడా కలిపితే 3860. మూడు టన్నుల విమానానికి 1.3 మీ/సె², రెండు సెకన్లకి గంటకి 9 కి.మీ.

నాలుగు హిస్పానోల హరికేన్ 2సి: 6000 న్యూటన్లు, 3400 కిలోలు, రెండు సెకన్లకి 12–13 కి.మీ.

ఎనిమిది .50 బ్రౌనింగ్‌ల పి-47 (అమెరికన్ ఫైటర్): ఒక్కో తూటాకి 58 న్యూటన్ సెకన్లు, మొత్తం 6200 న్యూటన్లు. కానీ విమానమే ఆరు టన్నులు కాబట్టి మందగమనం 1 మీ/సె² దగ్గరే ఉంటుంది.

గంటకి 500 కి.మీ. మీద పోతున్నప్పుడు వీటిలో ఏదీ విమానాన్ని ఆపదు. వేగం తగ్గిన కొద్దీ గాలి నిరోధం కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంకొంచెం తక్కువే.

---

గన్‌బే

త్రాసు గారి అంకెలు సరైనవే. కానీ మాడ్యూల్‌లో ఆ సగటు బలాన్ని ఒక స్థిరమైన బ్రేకులా పెట్టేస్తే పైలట్ అనుభవించినదానికి ఎక్కడా పొంతన ఉండదు. రీకాయిల్ సగటుగా రాదు, దెబ్బలుగా వస్తుంది. గురిని చెడగొట్టేవి మూడు: ఒక్కో దెబ్బ ఎంత పెద్దది, ఆ దెబ్బ గురుత్వ కేంద్రానికి ఎంత దూరంలో తగులుతోంది, తుపాకిని బిగించిన చోటు ఎంత గట్టిది. వేగం తగ్గడం వీటన్నిటికంటే చిన్న విషయం.

రెండో ప్రశ్న, ఒంటికి తెలిసేది. 5బి లో మందగమనం 0.13 జి (జి అంటే భూమి గురుత్వ త్వరణం). రోడ్డు మీద కారుకి గట్టిగా బ్రేకు వేస్తే 0.7 జి పైనే ఉంటుంది. కాబట్టి హార్నెస్ బిగించుకున్న మనిషి తూలిపడడు, ఛాతీ మీద పట్టీ కొద్దిగా ఒత్తినట్టుంటుంది. అదురు సంగతి వేరు. హిస్పానో సెకనుకి పది దెబ్బలు, బ్రౌనింగ్ పంతొమ్మిది. ఎనిమిది బ్రౌనింగ్‌లకి ఒకదానితో ఒకదానికి లయ ఉండదు, అన్నీ కలిసిపోయి ఒకే గరగరగా సీట్లోంచి, స్టిక్‌లోంచి వస్తుంది. రెండే హిస్పానోలైతే ఎడమ దెబ్బ, కుడి దెబ్బ వేర్వేరు క్షణాల్లో పడతాయి. ముక్కు సన్నగా అటూ ఇటూ కొట్టుకుంటుంది.

దీనివల్ల కంటికొచ్చే ఇబ్బంది ఒకటుంది. రిఫ్లెక్టర్ సైటులో (అద్దం మీద వెలుగు గుర్తు చూపే గురి పరికరం) వెలుగు వలయం అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే తల కొంచెం పక్కకి జరిగినా గురి మారదు. కానీ తల మరీ జరిగితే వలయం అద్దంలోంచి పూర్తిగా మాయమవుతుంది. జి లాగుతూ తిరుగుతున్నప్పుడు, హార్నెస్ వదులు చేసుకుని ముందుకి వంగినప్పుడు ఇది ఎక్కువ. సిమ్యులేటర్‌లో కెమెరాని ఊపేసి ఊరుకోకండి. తల కదలికనీ విమానం ముక్కు కదలికనీ విడివిడిగా పెట్టండి. మొదటిది చూపుని చెడగొడుతుంది, రెండోది గుళ్ళని పక్కకి పంపుతుంది.

ఇక ఒకవైపు జామ్. హిస్పానో ప్రొపెల్లర్ వృత్తానికి బయట ఉండాలి కాబట్టి విమానం మధ్యరేఖ నుంచి రెండు మీటర్ల దరిదాపులో ఉంటుంది. ఎడమది ఆగి కుడిది పేలుతోంటే 1500 న్యూటన్లు × 2 మీటర్లు, 3000 న్యూటన్ మీటర్ల టార్క్. కుడి రెక్క వెనక్కి తన్నుతుంది, ముక్కు కుడికి తిరుగుతుంది. పైలట్ ఎడమ రడ్డర్ (తోక మీది చుక్కాని) తొక్కాలి. ముక్కు ఎప్పుడూ పేలుతున్న తుపాకి వైపుకే పోతుందని గుర్తుపెట్టుకోండి.

ఎంత తిరుగుతుందంటే, విమానానికి పక్కతిరుగుడు జడత్వం 9000 కిలోగ్రామ్-మీటర్² అనుకుందాం (మీ మాడ్యూల్‌లో ఉన్న అంకె వాడుకోండి). త్వరణం 0.33 రేడియన్/సె². ఫిన్ (తోక మీది నిలువు రెక్క) అడ్డుపడకముందు, మొదటి 0.3 సెకన్లలో 0.015 రేడియన్లు, అంటే డిగ్రీ కంటే తక్కువ. కానీ 1940లో ఆర్.ఎ.ఎఫ్. (బ్రిటిష్ వైమానిక దళం) పైలట్లు తుపాకుల గురి కలుపుకున్న 250 గజాల దూరంలో ఆ కొంచెమే మూడు మీటర్లకి పైన. ఫైటర్ బాడీ వెడల్పు ఒక మీటరే. గుళ్ళన్నీ పక్కనుంచి పోతాయి. తర్వాత ఫిన్ ముక్కుని వెనక్కి లాగుతుంది, పైలట్ రడ్డర్ వేస్తాడు, ట్రిగ్గర్ వదలగానే ఆ రడ్డర్ వల్ల ముక్కు రెండో వైపుకి పోతుంది. 5బి లో ట్రిగ్గర్ బటన్‌కి ఫిరంగులు ఒక్కటే, మెషిన్‌గన్‌లు ఒక్కటే, రెండూ కలిపి అని మూడు రకాలుగా నొక్కే వీలుంది. ఒక హిస్పానో ఆగిపోతే మెషిన్‌గన్‌లతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

అసలు హిస్పానో ఎందుకు అంతగా జామ్ అయ్యేది అన్నదీ రీకాయిల్ కథే. ఆ ఫిరంగిని మొదట ఇంజను సిలిండర్ల మధ్య, బరువైన ఇంజను దిమ్మకి బిగించడానికని తయారు చేశారు. దాన్ని సన్నటి రెక్కలో పెట్టారు. స్పిట్‌ఫైర్ 1బి లో రెక్క మందం చాలక పక్కకి పడుకోబెట్టారు కూడా. రెక్క వంగుతుంది, ఫిరంగి కింద ఆధారం కదులుతుంది, ఖాళీ కేసు సరిగ్గా బయటపడక ఇరుక్కుంటుంది. 1940 వేసవిలో 19వ స్క్వాడ్రన్ ఈ విమానాలతో విసిగిపోయి ఎనిమిది బ్రౌనింగ్‌ల పాత విమానాలే ఇమ్మని అడిగి తీసుకుంది. తర్వాత ఫిరంగిని నిటారుగా నిలబెట్టి, 60 గుళ్ళ డ్రమ్ కోసం రెక్క మీద ఉబ్బు పెట్టి, బిగింపులు సరిచేశాకే 5బి దారికొచ్చింది.

---

రెక్కలగుర్రం

ఇద్దరికీ కృతజ్ఞతలండి. సగటు బలం పెట్టి ఊరుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు, మార్చేస్తాను. ఒక సందేహం. బ్యూఫైటర్ (రెండు ఇంజన్ల బ్రిటిష్ విమానం) తుపాకులు పేలిస్తే వేగం గంటకి 40 కి.మీ. పడిపోయేదని ఒకచోట చదివాను. త్రాసు గారి పద్ధతిలో అంత రావడం లేదు.

---

త్రాసు

రాదు. నాలుగు హిస్పానోలు 6000, ఆరు బ్రౌనింగ్‌లు 1300, మొత్తం 7300 న్యూటన్లు. విమానం తొమ్మిది టన్నులకి పైనే. మూడు సెకన్లకి గంటకి 8–9 కి.మీ. దాడి చేసేటప్పుడు పైలట్ ముందున్న విమానాన్ని దాటిపోకుండా థ్రాటిల్ తగ్గిస్తాడు, తిరుగుతూ జి లాగుతాడు. వేగం ఎక్కువగా కరిగేది అక్కడే. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే ఆ తగ్గుదల కనిపిస్తుంది కాబట్టి నింద తుపాకుల మీద పడుతుంది. బ్యూఫైటర్ ఫిరంగులు కడుపు కింద ఉంటాయి, పేలితే ముక్కు కిందికి దిగుతుంది. దాన్ని ఎత్తడానికి స్టిక్ లాగినా నిరోధం పెరుగుతుంది.

---

తూర్పుగాలి

నాలుగో ప్రశ్న నేను తీసుకుంటాను. యాక్ ఫైటర్లలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

యాక్-9టి లో 37 మి.మీ. ఎన్‌ఎస్-37 ఫిరంగి, ప్రొపెల్లర్ ఇరుసు మధ్యలోంచి పేలుతుంది. ఫిరంగి పొడవుకి చోటు చాలక కాక్‌పిట్‌ని 40 సెం.మీ. వెనక్కి జరిపారు. గుళ్ళు 30 దాకా. ఒక్కో గుండు 735 గ్రాములు, 900 మీ/సె. గుండుకే 660 న్యూటన్ సెకన్లు, వాయువు కలిపితే 850 దాటుతుంది. మూడు టన్నుల విమానానికి ఒక్క దెబ్బతో 0.28 మీ/సె, అంటే గంటకి ఒక కి.మీ. పోతుంది.

ఇప్పుడు తమాషా చూడండి. ఎన్‌ఎస్-37 నిమిషానికి 250 గుళ్ళు మాత్రమే. సగటు బలం లెక్క వేస్తే 3600 న్యూటన్ల దగ్గర తేలుతుంది, స్పిట్‌ఫైర్ 5బి కంటే తక్కువే! సగటు చూసి రెండూ ఒకటే అనుకుంటే మోసపోతాం. హిస్పానో ఒక్క దెబ్బకి 150, దీనికి 850 పైన. అవి సెకనుకి నాలుగు విడివిడి కుదుపులు. ప్రతి కుదుపుకీ ముక్కు జరుగుతుంది, అది సర్దుకునే లోపే తర్వాతి గుండు బయలుదేరుతుంది. మొదటి గుండు గురి చూసిన చోటికి, రెండోది దాని దగ్గరికి, మూడో నాలుగో గుళ్ళు ఎటో. రెండు మూడు గుళ్ళ నియమం ప్రధానంగా అందుకు. ఉన్నవి 30 గుళ్ళే కావడం రెండో కారణం. మూడోది మెకానిక్‌ల బాధ: ఫిరంగి ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి పొడవైన బరస్టులకి (ఆపకుండా పేల్చే వరసలకి) ఆయిల్, నీళ్ళ గొట్టాల అతుకులు కారేవి.

యాక్-9కె అయితే ఇంకా మొండిది. 45 మి.మీ. ఎన్‌ఎస్-45, 29 గుళ్ళు, గొట్టం చివర మజిల్ బ్రేక్ (వాయువుని పక్కలకి మళ్ళించే అమరిక). అది ఉన్నా గంటకి 350 కి.మీ. కంటే తక్కువ వేగంలో పేలిస్తే విమానం అదుపు తప్పేది, పైలట్ సీట్లో ముందుకీ వెనక్కీ ఎగిరిపడేవాడు. వేగంతో ముడి ఎందుకంటే, రడ్డర్‌కీ ఎలివేటర్‌కీ (ముక్కుని ఎత్తి దించే తోక పలక) ఉండే పట్టు వేగం వర్గంతో పెరుగుతుంది. దెబ్బ మాత్రం ఏ వేగంలోనైనా అంతే. 350 కి.మీ. దగ్గర ఉన్న పట్టు 500 దగ్గర రెట్టింపు. అందుకే ఎక్కువ వేగంలో చిన్న బరస్టులతో అదే ఫిరంగి చక్కగా తగిలేది. ఇవి 53 మాత్రమే తయారయ్యాయి. మీ మాడ్యూల్‌లో 9కె పెడితే ఈ 350 గీత దానంతట అదే పుట్టాలి, మీరు చేత్తో గీయకూడదు.

రెండు పెద్ద ఫిరంగులు రెక్కల కింద పెడితే ఏమవుతుందో సోవియట్ నేల దాడి విమానం ఐఎల్-2 చూపించింది. 1943లో ఒక రకానికి రెండు ఎన్‌ఎస్-37 లు బిగించారు. రెండూ ఒకే క్షణంలో పేలవు. ప్రతి దెబ్బకీ విమానం ఒకసారి ఇటు, ఒకసారి అటు. అక్కడా రెండు మూడు గుళ్ళ బరస్టులే గతి.

హరికేన్ 2డి దీ ఇదే కుటుంబం. రెక్కల కింద రెండు 40 మి.మీ. విక్కర్స్ ఎస్ ఫిరంగులు, ఒక్కోదానికి పదిహేను పదహారు గుళ్ళు, ట్యాంకుల మీదికి. ఉత్తర ఆఫ్రికాలో 6వ స్క్వాడ్రన్, బర్మా వైపు 20వ స్క్వాడ్రన్ వాడాయి. ఫిరంగులు గురుత్వ కేంద్రానికి కింద వేలాడుతుంటాయి కాబట్టి వెనక్కి తన్నే బలం ముక్కుని కిందికి దించుతుంది. పైలట్ ఒక జత పేల్చి, ముక్కుని మళ్ళీ ఎత్తి గురి కుదుర్చుకుని ఇంకో జత పేల్చాలి. నేలకి దగ్గరగా ఎగురుతూ చేసే పని ఇది. రెక్కల్లో రెండు .303 బ్రౌనింగ్‌లు ఉంచింది కూడా గురి కుదిరిందో లేదో వాటి వెలుగు తూటాలతో చూసుకోవడానికే.

---

గన్‌బే

తూర్పుగాలి గారి మాటకి చిన్న చేర్పు. ఒకే ప్రచోదనం ఉన్నా తుపాకి పనిచేసే తీరుని బట్టి దెబ్బ మొద్దుగానో పదునుగానో ఉంటుంది. విక్కర్స్ ఎస్, అమెరికన్ ఫైటర్ పి-39 లోని 37 మి.మీ. ఎం4 రెండూ లాంగ్ రీకాయిల్ రకం. గొట్టం, బోల్టు కలిసి చాలా దూరం వెనక్కి జరుగుతాయి, బలం ఎక్కువ సేపు పరుచుకుంటుంది, శిఖరం తగ్గుతుంది. జర్మన్ ఎంజి ఎఫ్‌ఎఫ్, ఎంకె 108 ఫిరంగులలో బోల్టు ఇంకా ముందుకి పోతుండగానే మందు అంటుకుంటుంది. పేలుడు ముందు ఆ బోల్టుని ఆపి ఆ తర్వాతే వెనక్కి తోయాలి కాబట్టి బిగింపు మీద పడే గరిష్ఠ బలం తక్కువ. ఎంకె 108 ని బలహీనమైన బిగింపులతో కూడా నడపగలిగింది అందుకే. మొత్తం ప్రచోదనం మాత్రం ఎక్కడికీ పోదు. నిజంగా దాన్ని తగ్గించేది మజిల్ బ్రేక్ ఒక్కటే, అదీ వాయువుని పక్కలకి మళ్ళించి.

---

హంటర్56

మన వైమానిక దళం గురించి అడిగారు కదా, హాకర్ హంటర్ జెట్ ఫైటర్ గురించి చెప్తాను. 1957లో మన దగ్గరికి వచ్చింది. 1971 డిసెంబర్ 5న లొంగేవాలా దగ్గర జైసల్మేర్ నుంచి వెళ్ళి రాకెట్లతో, 30 మి.మీ. ఫిరంగులతో ట్యాంకుల్ని కొట్టినవి ఇవే.

ముక్కు కింద నాలుగు ఏడెన్ ఫిరంగులు. ఒక్కోటి నిమిషానికి 1200 అనుకుని లెక్క వేస్తే, 220 గ్రాముల గుండు 790 మీ/సె తో పోతే, వాయువు కలిపి దెబ్బకి సుమారు 230 న్యూటన్ సెకన్లు. నాలుగూ కలిపి సెకనుకి 80 దెబ్బలు, 18,000 న్యూటన్లకి పైన. ఏవన్ ఇంజను థ్రస్ట్ 10,000 పౌండ్లు, అంటే 44,500 న్యూటన్లు. థ్రస్ట్‌లో నలభై శాతం వెనక్కి పోయినట్టు! ఎనిమిది టన్నుల విమానానికి 0.23 జి. ఇక్కడ పైలట్‌కి పట్టీ ఒత్తిడి స్పష్టంగా తెలుస్తుంది.

కానీ హంటర్‌ని ఎక్కువ ఏడిపించింది రీకాయిల్ బలం కాదు, గొట్టాల్లోంచి వచ్చే వాయువు. మొదటి ఏవన్ ఇంజన్ల రకాల్లో ఎక్కువ ఎత్తులో పేలిస్తే ఆ వేడి వాయువు గాలి ద్వారాల్లోకి దూరి కంప్రెసర్‌లో ప్రవాహం తెగిపోయేది, ఇంజను సర్జ్ అయ్యేది. సఫైర్ ఇంజను పెట్టిన ఎఫ్.2 కి ఈ జబ్బు లేదు. ఏవన్‌కి చేసిన వైద్యం ‘ఫ్యూయల్ డిప్పింగ్’: ట్రిగ్గర్ నొక్కగానే ఇంజనుకి పోయే ఇంధనం ఆ కాసేపు తగ్గుతుంది. అంటే రీకాయిల్ ఒకవైపు లాగుతుంటే థ్రస్ట్ కూడా తగ్గుతోంది. రెండూ కలిపితేనే పైలట్‌కి తెలిసే మందగమనం.

ఫిరంగులు మధ్యరేఖకి కింద ఉండటంతో ముక్కు కిందికి దిగే జబ్బు దీనికీ ఉంది. గొట్టాల చివర వాయువుని మళ్ళించే డిఫ్లెక్టర్లు పెట్టి దాన్ని సరిచేశారు. రీకాయిల్‌కి ఎదురు బలం ఆ రీకాయిల్ వాయువులోంచే తీసుకోవడం నాకు ఇంజనీరింగ్‌లో చాలా అందంగా అనిపించే పని.

---

త్రాసు

రెక్కలగుర్రం గారూ, కోడ్‌లో పెట్టేటప్పుడు ఈ వరసలో వెళ్ళండి.

ప్రతి తుపాకికీ గురుత్వ కేంద్రం నుంచి మూడు దిక్కుల్లో దూరం రాసుకోండి. ప్రతి గుండుకీ ప్రచోదనాన్ని ఆ చోటే వెయ్యండి, 10 నుంచి 50 మిల్లీసెకన్ల మీద పరిచి. చిన్న తుపాకులకి తక్కువ, లాంగ్ రీకాయిల్ ఫిరంగులకి ఎక్కువ. ఏ రెండు తుపాకులూ ఒకే క్షణంలో మొదలవకుండా చూడండి, పేలే వేగంలో కూడా ఒక్కోదానికీ ఒకటి రెండు శాతం తేడా పెట్టండి. లేకపోతే ఎనిమిది బ్రౌనింగ్‌లు ఒకే సుత్తిలా కొడతాయి, అది అబద్ధం.

మందుగుండు బరువు తగ్గడం మర్చిపోవద్దు. స్పిట్‌ఫైర్ 1 లో ఎనిమిది తుపాకులకి 300 చొప్పున 2400 తూటాలు, ఒక్కోటి 25 గ్రాములు, మొత్తం 60 కిలోలు. పి-47 లో 425 చొప్పున నింపితే అది 400 కిలోలకి చేరుతుంది, ఒకవైపు తుపాకులు ఆగిపోతే రెక్కల బరువు తేడాకి ఏలిరాన్ (రెక్క చివరి కదిలే పలక) కూడా సర్దాల్సి వస్తుంది.

సరిచూడటానికి మూడు పరీక్షలు. స్పిట్‌ఫైర్ 1 మూడు సెకన్ల బరస్టుకి గంటకి 7 కి.మీ. కంటే ఎక్కువ పోగొడితే ఎక్కడో రెండుసార్లు కలిపేస్తున్నారు. 5బి లో ఎడమ హిస్పానో ఆపేసి పేలిస్తే ముక్కు కుడికే పోవాలి. యాక్-9టి లో పది గుళ్ళు ఒకే బరస్టుగా వదిలితే మొదటి రెండూ లక్ష్యం మీద, మిగతావి చెదిరి పడాలి. పదీ ఒకే చోట పడుతున్నాయంటే ఫిరంగిని సరిగ్గా గురుత్వ కేంద్రం మీదే పెట్టేశారన్నమాట. ఆ ఎత్తు దూరం ఒకసారి చూసుకోండి.